ఐదు కాళ్ల చీమ

ఆఫీసులో అందరూ ఆవిడని అనుమానాలక్క అనేవారు. ఎదురుగా మాత్రం ఉత్త "అక్కా" అనే పిలిచేవారు. ఆ ముందున్న ముక్క ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది? తన వెనక ఎవరేమనుకుంటున్నారో కనిపెట్టడమే ఆవిడకి సగం పని. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేది. నాలుగు మెట్లు దిగాక మళ్లీ ఎక్కి నాలుగోసారి లాగేది. బస్సు బోర్డు చదివి, కండక్టర్ని అడిగి, పక్కన కూర్చున్నవాళ్లని కూడా అడిగి, అప్పటికీ కుదుటపడక దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. "నా పెళ్లాం నేను చెప్పిన టైము కూడా నమ్మదండీ, ఇంకో గడియారం చూస్తుంది" అని దుకాణానికి వచ్చినవాళ్లని నవ్విస్తుంటాడు.

పిల్లల బొమ్మల కథల మాసపత్రికలో ఆవిడది అక్షరాల పని. బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర తెల్లటి బుడగలుంటాయి కదా, వాటిలో మాటలు రాయడం. పదకొండేళ్లు రాసింది. రాజు గర్జించినా, కోతి గొణిగినా, దెయ్యం ఏడ్చినా అక్షరాలు ఆవిడవే. స్కేలు పెట్టకుండా రాసినా ఒక్క ఒత్తు కిందికి జారేది కాదు. బుడగలు నింపుతూ నింపుతూ, వాటి చుట్టూ ఉన్న బొమ్మల్ని ఆవిడ ఎంత ఆశగా చూసేదో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని అనుమానం.

ఒకరోజు ఎడిటరమ్మ పిలిచింది. వయసులో ఆవిడకన్నా పదేళ్లు చిన్నది. మనిషి మంచిదే కానీ చెప్పాల్సింది నాన్చకుండా చెప్పే రకం.

"అక్కా, వచ్చే నెల నుంచి మాటలన్నీ కంప్యూటరే వేసేస్తుంది. మీరు మాస్టారి దగ్గర సిరా పని నేర్చుకోండి. ఆరు నెలలు చూద్దాం. ఆఖర్లో ఒక పేజీ వేసి చూపించండి. బాగుంటే ఇక్కడే ఉంటారు. లేకపోతే నేను మాత్రం ఏం చెయ్యగలను?"

నలభై నాలుగేళ్ల వయసులో కొత్త విద్య! పైగా నేర్పేది మాస్టారు. ముప్పై ఏళ్లుగా ఆ పత్రికలో బొమ్మలు గీసేదీ, వాటికి సిరా పూసేదీ ఆయనొక్కడే. ముందు లేత నీలం పెన్సిల్‌తో గీస్తారు. ఆ నీలం స్కానర్ కంటికి ఆనదు. దాని మీద నల్ల సిరాతో వేసిన గీతే అచ్చులోకి వస్తుంది. తన కుర్చీలో కూర్చోబోయే మనిషికి ఎవడైనా మనసుపెట్టి పని నేర్పుతాడా అని ఆవిడకి మొదటిరోజే అనుమానం పట్టుకుంది.

"కొత్త నిబ్బు ముందు నాలిక మీద పెట్టి తడుపు అమ్మాయ్" అన్నారు మాస్టారు.

ఆవిడ తలుపు వంక చూసింది. ఎవరైనా నక్కి నవ్వుతున్నారేమోనని. ఎవరూ లేరు.

"నాలిక మీదా?"

"ఫ్యాక్టరీవాళ్లు తుప్పు పట్టకుండా నూనె రాస్తారు. అది పోకపోతే సిరా నిలవదు. అగ్గిపుల్ల మంట మీద ఒక్క క్షణం చూపించినా పోతుంది."

ఆవిడ ఒప్పుకున్నట్టు తలూపి, ఇంటికెళ్లి రెండు నిబ్బులతో పరీక్ష పెట్టింది. తడిపినది నున్నగా సాగింది. తడపనిది రెండంగుళాలు కూడా పోకుండా బొట్లు బొట్లుగా కక్కింది. మాస్టారు చెప్పింది నిజమే. నిజం చెప్పాడంటే వెనక ఇంకేదో దాస్తున్నాడన్నమాట అనుకుంది ఆవిడ. ఆవిడ బుర్ర ఎప్పుడూ అలాగే నడుస్తుంది.

నేర్పడానికైతే నేర్పారు. గీత మణికట్టు నుంచి కాదు, మోచేతి నుంచి రావాలన్నారు. వంపు వచ్చినచోట చెయ్యి మెలితిప్పకు, కాగితమే తిప్పు అన్నారు. వెలుతురు పడే వైపు గీత సన్నగా, నీడ వైపు లావుగా ఉండాలి. నిబ్బుని నొక్కితే లావు, వదిలితే సన్నం. నల్లగా నింపాల్సిన చోట్లన్నీ ఆఖరికి వదిలెయ్యాలి, లేకపోతే తడి మీద చెయ్యి ఆని పేజీ అంతా అలుక్కుపోతుంది. పొడుగు గీత లాగేముందు ఊపిరి బిగబట్టాలి. "పెన్సిల్ వణికినా పర్వాలేదు అమ్మాయ్, సిరా వణక్కూడదు" అని రోజుకోసారైనా అనేవారు.

అన్నీ చెప్పేవారు కానీ ఒక్కటీ చేసి చూపించేవారు కాదు. అదీ ఆవిడ బాధ.

"ఒక్కసారి మీరు గీసి చూపించండి మాస్టారూ."

"చెప్తున్నాగా."

"చూస్తే తొందరగా పట్టుబడుతుందని."

"చూసి నేర్చుకుంటే నా గీత వస్తుంది. చేసి నేర్చుకుంటే నీ గీత వస్తుంది" అనేసి కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయేవారు.

ఎంత తియ్యగా చెవిలో పువ్వు పెడుతున్నాడో అనుకుంది ఆవిడ. అప్పట్నుంచీ ఆ కుడిచేతి మీద నిఘా వేసింది. జేబులోంచి ఆ చెయ్యి తియ్యరు. సిరా పనంతా ఇంటి దగ్గరే చేసుకొస్తారు. ఇక్కడ ఫ్యాను గాలికి సిరా తొందరగా ఆరిపోతుందట. ముప్పై ఏళ్లూ లేని గాలి ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? టీ వస్తే "అక్కడ పెట్టు" అంటారే తప్ప అందుకోరు. ఒకసారి ఆవిడ బయటికి వెళ్తున్నట్టు వెళ్లి గభాల్న వెనక్కి తిరిగింది. మాస్టారు బల్ల మీదున్న కప్పు మీదికి వంగి, కప్పు ఎత్తకుండానే టీ తాగుతున్నారు. ఆ జేబులో ప్రత్యేకమైన నిబ్బు ఏదో పట్టుకుని ఉంటాడని, అది కనిపిస్తుందనే ఈ అవస్థ పడుతున్నాడని ఆవిడ తీర్మానించేసుకుంది.

అభ్యాసానికని ఇచ్చే కాగితాలు కూడా అలాగే ఉండేవి. ఒక్కో అట్ట మీద ఒక్కో బొమ్మ, నీలం పెన్సిల్‌తో. ఒకరోజు గుర్రం కాళ్లు, ఒకరోజు సంతలో జనం, ఒకరోజు రాతిగోడ, ఇంకోరోజు ఏడుస్తున్న ముసలమ్మ ముఖం. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. పైగా ఒక గీత ఉండాల్సిన చోట నాలుగైదు నీలం గీతలు ఒకదాని మీద ఒకటి పీచుపీచుగా ఉండేవి.

"ఇందులో ఏది అసలు గీత మాస్టారూ?"

"అది నువ్వే తేల్చుకోవాలి."

"ఇది ఏ కథలోది?"

"ఏ కథలోదీ కాదు. ఉత్తినే చెయ్యి తిరగడానికి."

తను తప్పాలనే కావాలని అలా గజిబిజిగా గీస్తున్నాడని ఆవిడకి ఒళ్లు మండేది. కసికొద్దీ ఆ పీచులోంచి ఒక్క గీత ఏరి, ఊపిరి బిగబట్టి లాగేది. మొదటి నెలలో పదింటికి తొమ్మిది తప్పేవి. మూడో నెలకి ముసలమ్మ చెంప మీది ముడత ఎక్కడ మొదలై ఎక్కడ సన్నగిల్లాలో ఆవిడ చేతికి దానంతటదే తెలిసిపోయేది. అప్పుడు ఆవిడకి ఎంత సంతోషం కలిగేదంటే, బస్సులో ఒక్కతే నవ్వుకుని, ఎవరైనా చూశారేమోనని మళ్లీ ముఖం ముడుచుకునేది. మాస్టారు మాత్రం ప్రతిదానికీ "పర్వాలేదు" అని ఒకే మాట అని, ఆ అట్టని తన సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్లిపోయేవారు.

రంగుల పాఠం కూడా మధ్యమధ్యలో నడిచింది. సిరా వేసిన పేజీకి జిరాక్సు తీసి, దాని మీదే రంగులు వేసి చూసుకోవాలి. అసలు పేజీని రంగు ముట్టుకోకూడదు. "ఎర్ర చొక్కా మీద నీడ పడితే నలుపు కలపకు. ఎరుపులో కాస్త నీలం కలుపు. నలుపు కలిపితే మసి అంటుకున్నట్టుంటుంది" అన్నారు మాస్టారు. ఆవిడ ఆ సాయంత్రం భర్తకి ఉన్న ఒక్క ఎర్ర చొక్కా కిటికీకి తగిలించి, ముందుకీ వెనక్కీ నడుస్తూ అరగంట చూసింది.

"ఏంటే, నా చొక్కా ఏం చేసింది?" అన్నాడు ఆయన.

"నీడలో నీలం ఉందట. చూస్తున్నా."

"ఉందా?"

"ఉంది" అంది ఆవిడ, ఏదో పోగొట్టుకున్న మనిషిలా.

నాలుగో నెలలో కొత్త సంచిక వచ్చింది. ఇప్పుడు మాటలు కంప్యూటరే వేస్తోంది కాబట్టి పేజీలు అచ్చుకి ముందు ఆవిడ చేతికి రావడం మానేశాయి. టీ తాగుతూ తిరగేస్తుంటే ఎనిమిదో పేజీలో ఒక రాతిగోడ కనిపించింది. ఆవిడ కప్పు కింద పెట్టింది. రాళ్ల సందుల్లో ఆ అడ్డగీతలు, మూలరాయి దగ్గర చెయ్యి బెసికి కాస్త లావెక్కిన ఆ మచ్చ, తనవే అనిపించాయి. అయితే అచ్చులో బొమ్మ బాగా చిన్నదైపోతుంది, పైన రంగులు పడతాయి. గట్టిగా చెప్పలేకపోయింది. కథ కింద మాత్రం ఎప్పటిలాగే ఉంది, బొమ్మలు, సిరా అంటూ మాస్టారి పేరు ఒక్కటే.

ఇంకొకరైతే వెళ్లి అడిగేవారు. ఆవిడ ఉచ్చు పన్నింది. ఆ నెల ఆయనిచ్చిన ప్రతి అట్ట మీదా, ఎవరి కంటా పడని చోట, ఒక చీమని వేసింది. రాయి నీడలో ఒకటి, చెట్టు వేరు పక్కన ఒకటి, రాజుగారి చెప్పు దగ్గర ఒకటి. తర్వాత ఎవరూ కాదనడానికి లేకుండా, ప్రతి చీమకీ ఐదు కాళ్లే పెట్టింది.

మాస్టారు అట్టలు చూశారు. "పర్వాలేదు" అన్నారు. సంచిలో పెట్టుకున్నారు.

తర్వాతి సంచిక వచ్చిన పొద్దున్న, ఆవిడ భర్త కంటికి తగిలించుకునే చిన్న భూతద్దం చేతిసంచిలో వేసుకుని ఆఫీసుకెళ్లింది. నాలుగో పేజీలో, రాయి నీడలో చీమ ఉంది. ఐదు కాళ్లు.

తన అనుమానం నిజమైతే సంతోషంగా ఉంటుందని ఇన్నేళ్లూ అనుకుంది. ఏమీ సంతోషంగా లేదు. నాలుగు నెలల కష్టం, ఊపిరి బిగబట్టి లాగిన ప్రతి గీతా, కత్తిరించి అతికించేసి తన పేరు వేసుకున్నాడు. అట్టలు ముక్కలు ముక్కలుగా ఎందుకిచ్చాడో, ఏ కథలోదీ కాదని ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. మిగతా పేజీలు చూడకుండానే సరాసరి ఎడిటరమ్మ గదిలోకి వెళ్లి, బల్ల మీద పత్రిక పెట్టి, దాని మీద భూతద్దం పెట్టింది.

ఎడిటరమ్మ చాలాసేపు చూసింది.

"ఇది మీరు వేసిందేనా అక్కా?"

"నా చేత్తో వేశాను. కావాలంటే కాళ్లు లెక్కపెట్టండి."

"సరే. రేపు పదింటికి మాస్టారిని పిలుస్తాను. మన ముందు కూర్చుని ఆయన ఒక బొమ్మకి సిరా వేస్తారు. ఎవరి చెయ్యి ఏదో అక్కడే తేలిపోతుంది. అబద్ధమని తేలితే మాత్రం ఆయన్ని ఉంచలేను."

ఆవిడ పత్రికా భూతద్దం తీసుకుని, తలెత్తుకుని బయటికొచ్చింది. ఆ సాయంత్రం భర్త దుకాణంలో స్టూలు మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆయన చెడిపోయిన గడియారం పక్కన పెట్టి, భూతద్దం కంటికి తగిలించుకుని, తీరిగ్గా పేజీలు తిప్పాడు.

"నీ చీమకి ఎన్ని కాళ్లన్నావు?"

"ఐదు."

"ఇక్కడ ఆరు కాళ్లదొకటి ఉందే."

ఆవిడ లాక్కుని చూసింది. పద్నాలుగో పేజీ, రాజుగారి చెప్పు దగ్గర తన ఐదు కాళ్ల చీమ. దాని వెనకే ఇంకోటి. అది తను వేసింది కాదు. కాళ్లు ఆరూ ఉన్నాయి కానీ ఒక్కటీ తిన్నగా లేదు. మీసాలు కూడా సన్నగా అల్లల్లాడుతున్నాయి.

"దీనికి బాగా చలేస్తున్నట్టుంది" అన్నాడు ఆయన. తర్వాత నవ్వు ఆపేసి మళ్లీ చూశాడు. "చలి కాదే. ఇది చెయ్యి వణుకు. మా గురువుగారికి ఆఖర్లో ఇలాగే అయ్యింది. పట్టకారు పట్టుకుంటే పట్టకారు చిందులేసేది. ఎవరైనా వస్తే చెయ్యి జేబులో పెట్టేసుకునేవాడు. మా ముందు నీళ్లు కూడా తాగేవాడు కాదు, పాపం."

జేబులో చెయ్యి. కప్పు మీదికి వంగిన తల. ఒక గీతకి బదులు నాలుగు నీలం గీతలు. అన్నీ తన కళ్లతోనే చూసింది, ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ సరిగ్గా అర్థం చేసుకోలేదు. మాస్టారు తన చీమని చూశారు. తెల్లరంగు ఒక్క చుక్క పెడితే చెరిగిపోయేదాన్ని చెరపలేదు. దాని వెనక తన చీమని నడిపించారు. ఆ సంచిక మొత్తంలో ఆయన సిరా పెట్టింది బహుశా అదొక్కటే. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, మరి పేరెందుకు వేసుకున్నాడన్న అనుమానం మాత్రం వదల్లేదు.

మర్నాడు పదింటికి ఎడిటరమ్మ బల్ల మీద అట్ట, సిరా బుడ్డి, కలం సిద్ధంగా ఉన్నాయి. మాస్టారు పెద్ద అట్టల సంచి భుజాన వేసుకుని వచ్చారు. చెయ్యి జేబులోనే ఉంది. ఆయన కూర్చోకముందే ఆవిడ లేచింది.

"నేను పొరబడ్డానండీ. ఆ చీమ మాస్టారిదే. నేనే ఆయన్ని చూసి నేర్చుకున్నాను."

"నిన్న కాళ్లు లెక్కపెట్టమన్నారు కదక్కా?"

"లెక్క తప్పాను."

ఎడిటరమ్మ ఆవిడని ఎగాదిగా చూసింది. అనుమానాలక్క ఒక లెక్క తప్పిందంటే ఆ ఆఫీసులో ఎవరు నమ్ముతారు?

మాస్టారు జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టారు. అది దానిపాటికది కదులుతోంది. గాజు బుడ్డి మూత టకటకమని చిన్నగా మోగింది.

"చీమ ఆవిడదే. పేజీలూ ఆవిడవే. మూడో నెల నుంచి నేను సిరా పట్టలేదు" అన్నారు. సంచి విప్పి, ముక్కలు అతికించిన అసలు పేజీలు బయటికి తీశారు. స్కాన్ అయ్యాక వాటిని ఇంటికి పట్టుకెళ్లడం ఆయనకి ముప్పై ఏళ్ల అలవాటు. ప్రతి పేజీకీ కింద మూల, లేత నీలం పెన్సిల్‌తో వంకరటింకరగా రాసి ఉంది, సిరా అని, పక్కన ఆవిడ పేరు. ఒక్క పేజీ కూడా తప్పలేదు.

"ఇవన్నీ నా చేతుల మీదుగానే వెళ్లాయి" అంది ఎడిటరమ్మ నెమ్మదిగా. "ఇన్ని నీలం గీతల్లో నేను చూడనే లేదు."

ఆవిడ మాత్రం ఆ పేరు చూసి కరిగిపోలేదు. సూటిగా అడిగింది. "స్కానర్‌కి కనపడని రంగుతో రాస్తే ఎవరికి రాసినట్టు మాస్టారూ?"

ఆయన కదులుతున్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నారు.

"నల్లగా రాసే ధైర్యం లేకపోయింది అమ్మాయ్. నీ పేజీలన్నీ చూపించి, ఈవిడకి పరీక్ష అక్కర్లేదని చెబుదామనుకున్నాను. చెప్పిన మరుక్షణం నేను ఇంటికెళ్లాలి. అందుకని వచ్చే నెల చెబుదాం, ఆపై నెల చెబుదాం అనుకుంటూ వచ్చాను. నీ చీమ కనిపించిన రోజున, పోనీలే పట్టుబడతాను అనిపించింది. హాయిగా అనిపించింది."

ఆవిడకి కోపం పోలేదు. కోపం ఉండగానే జాలీ ఉంది, దాని పక్కనే కృతజ్ఞత కూడా ఉంది. దేన్ని ముందు బయటపెట్టాలో తెలియక, ఎడిటరమ్మ వైపు తిరిగి గబగబా అనేసింది. "ఆయన పెన్సిల్ లేకపోతే నా సిరా దేని మీద పెట్టను? పెన్సిల్ వణికితే అచ్చులో కనపడదు కదా. పెన్సిల్ ఆయన, సిరా నేను. ఇద్దరి పేర్లూ వెయ్యండి. ఆయన మళ్లీ ఏమైనా దాస్తే నేను కనిపెడతాను. ఆ సంగతి మీకు తెలుసు."

ఎడిటరమ్మకి నవ్వాగలేదు. యజమానితో మాట్లాడాలంది, మూడు రోజులు మాట్లాడింది, నాలుగోరోజు సరేనంది.

తర్వాతి సంచిక మొదటి పేజీ ఆవిడ ఆఫీసులోనే, ఫ్యాను కిందే వేసింది. అన్నీ అయ్యాక కింద మూల నీలం పెన్సిల్‌తో మాస్టారు రాసిన రెండు పేర్లు మిగిలాయి. నిబ్బు నాలిక మీద తడిపింది. పదకొండేళ్లు ఒక్క ఒత్తు జారకుండా రాసిన చెయ్యి అది. ఊపిరి బిగబట్టి, ఆ వణుకు ఎటు పోతే అటు, ఒక్క వంకర కూడా సరిచెయ్యకుండా, నల్లగా దిద్దింది.

"ఇదేంటక్కా, మీ పేరే ఇంత అడ్డదిడ్డంగా రాసుకున్నారు? పోనీ కంప్యూటర్‌తో వేయించమంటారా?" అని అడిగింది ఎడిటరమ్మ.

"వద్దండీ, అలాగే ఉండాలి" అంది ఆవిడ.

పత్రిక అచ్చయి వచ్చిన రోజు భూతద్దం పెట్టి, ఆ వంకరలన్నీ సరిగ్గా పడ్డాయో లేదోనని మూడుసార్లు చూసుకుంది. తర్వాత మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లి, టీ కప్పు రెండు చేతులా పట్టుకుని ఆయన నోటికి అందేలా ఎత్తింది. ఆయన మొహమాటపడకుండా తాగారు.